క్యూ కేస్‌లో ప్యాడింగ్: ఎంత, ఎక్కడ, దేనితో

పూల్ క్యూకి, అంటే బంతుల్ని కొట్టే కర్రకి, కేస్ కొనడానికి వెళ్లిన దాదాపు ప్రతివాళ్లూ చేసే పని ఒకటే. కేస్‌ని చేతిలోకి తీసుకుని బొటనవేలితో నొక్కి చూస్తారు. వేలు మెత్తగా లోపలికి పోతే చాలు, ప్యాడింగ్ బాగా ఇచ్చాడు అనుకుని డబ్బు కట్టేస్తారు. నా మొదటి కేస్ నేనూ అలాగే కొన్నాను. దిండులా ఉండేది. క్యూ విప్పితే వచ్చే రెండు ముక్కలు, చేత్తో పట్టుకునే లావుపాటి బట్టూ, ముందుండే సన్నటి షాఫ్టూ, మధ్యలో అడ్డు లేకుండా అందులో పక్కపక్కన పడుకునేవి. వారం రోజులు బైక్ మీద తిరిగి, ఒక సాయంత్రం షాఫ్ట్ తుడుస్తుంటే, బంతిని తాకే చివర ఉండే టిప్‌కి రెండంగుళాల కింద వేలికి నొక్కులు తగిలాయి. ఒకటి కాదు, మూడు. కేస్ ఎక్కడా కింద పడలేదు, దేనికీ కొట్టుకోలేదు. బట్ చివర షాఫ్ట్‌ని బిగించడానికి ఉన్న స్టీలు పిన్ను ప్రతి గతుకుకీ పక్కనున్న షాఫ్ట్‌ని పొడుస్తూ వచ్చింది. ఫోమంతా బయటివైపు ఉంది, దెబ్బేమో లోపల పుట్టింది.

కేస్‌లో ప్యాడింగ్ చేయాల్సిన పనులు మూడు. పడినప్పుడు క్యూ మెల్లగా ఆగేలా చూడటం, మామూలుగా మోస్తున్నప్పుడు క్యూని కదలనివ్వకపోవడం, బయటి వేడీ తేమా ఒక్కసారిగా చెక్కకి తగలకుండా ఆపడం. బొటనవేలి పరీక్ష వీటిలో మొదటిదాని గురించి కొంచెం చెబుతుంది, మిగతా రెండింటి గురించి ఏమీ చెప్పదు. నా అనుభవంలో క్యూలు ఎక్కువగా పాడయ్యేది రెండో పని సరిగ్గా జరగకనే.

మొదటి మెట్టు: క్యూని కొలవండి

కేస్ చూసే ముందు టేప్ తీసుకోండి. మామూలు పూల్ క్యూ పొడవు 58 అంగుళాలు, అంటే దాదాపు 147 సెంటీమీటర్లు. మధ్యలో విప్పితే ఒక్కో ముక్క 29 అంగుళాలు వస్తుంది. బరువు 18 నుంచి 21 ఔన్సుల మధ్య ఉంటుంది. 19 ఔన్సుల క్యూ అనుకుంటే సుమారు 540 గ్రాములు. అందులో షాఫ్ట్ 115 గ్రాముల దాకా ఉంటే మిగతా 425 బట్‌ది. ఈ రెండు అంకెలూ కింద లెక్కలో మళ్లీ వస్తాయి.

లావు మూడు చోట్ల చూడాలి. బట్ అడుగున 32, 33 మిల్లీమీటర్లు, రెండు ముక్కలూ కలిసే జాయింట్ దగ్గర 21, టిప్ దగ్గర 12 నుంచి 13. షాఫ్ట్ జాయింట్ నుంచి టిప్ దాకా సన్నబడుతూ పోతుంది కాబట్టి, కేస్‌లోని గొట్టం జాయింట్‌కి సరిగ్గా పట్టేలా ఉన్నా టిప్ దగ్గరికి వచ్చేసరికి చుట్టూ నాలుగు మిల్లీమీటర్ల ఖాళీ మిగులుతుంది. కేస్ ఊపితే టకటకమని వినిపించే చప్పుడు చాలాసార్లు అక్కడిదే. నునుపైన ప్లాస్టిక్ గొట్టాల కంటే లోపల నూగు గుడ్డ వేసిన గొట్టాలు మేలని ఆటగాళ్లు అనేది ఇందుకే. నూగు లావుగా ఉన్నచోట అణుగుతుంది, సన్నగా ఉన్నచోట నిలబడి పట్టుకుంటుంది.

స్నూకర్ ఆడేవాళ్లకి లెక్క వేరు. 1875లో జబల్పూర్‌లో బ్రిటిష్ సైనికాధికారుల చేతుల్లో పుట్టిన ఆట అది, మన పాత క్లబ్బుల్లో ఇప్పటికీ దానిదే పెద్దపీట. అక్కడ చాలామంది వాడే మూడొంతుల జాయింట్ క్యూలో బట్ 16, 17 అంగుళాలే ఉంటుంది, షాఫ్ట్ 41 అంగుళాల దాకా సాగుతుంది. రెండు చివర్లా ఆనించి మధ్యలో నొక్కితే కర్ర ఎంత వంగుతుందన్నది పొడవుకి ఘనం లెక్కన పెరుగుతుంది. అదే లావున్న 29 అంగుళాల కర్ర కంటే 41 అంగుళాల కర్ర దాదాపు మూడింతలు వంగుతుంది. కాబట్టి పొడవాటి పెట్టెలో రెండు చివర్లా ఫోమ్ దిమ్మలు పెట్టి మధ్యలో గాలి వదిలేసిన డిజైన్ కనిపిస్తే పక్కన పెట్టేయండి. నడుమ కనీసం ఒక ఆసరా ఉండాలి, రెండుంటే ఇంకా మంచిది.

ఇక కేస్ మీద రాసి ఉండే ఒకటి బై రెండు, రెండు బై నాలుగు లాంటి అంకెల్లో మొదటిది బట్‌ల సంఖ్య, రెండోది షాఫ్ట్‌ల సంఖ్య. మీకున్నదానికంటే ఒక్క గడి ఎక్కువున్నది కొంటే చాలు. పెద్ద కేస్ కొని ఖాళీల్లో టిప్‌కి రుద్దే చాక్, గ్లవ్, సెల్ చార్జర్ కుక్కేవాళ్లని చూస్తుంటాను. అవన్నీ తిరుగుతూ క్యూకి తగులుతాయి.

రెండో మెట్టు: మూడు పొరలూ ఉన్నాయో లేదో చూడండి

పాత హెల్మెట్ ఒకటి విప్పితే విషయం అర్థమైపోతుంది. పైన గట్టి పెంకు, దాని కింద థర్మకోల్ దిమ్మ, అన్నిటికంటే లోపల తలకి తగిలే గుడ్డ, స్పాంజి. పెంకు ఒక్కచోట తగిలిన దెబ్బని వెడల్పుగా పరుస్తుంది. థర్మకోల్ నలిగి ఆ శక్తిని మింగుతుంది. గుడ్డ తల కదలకుండా పట్టుకుంటుంది. ఈ మూడింట్లో ఏ ఒక్కటీ ఇంకోదాని పని చేయలేదు.

క్యూ కేస్‌ది కూడా ఇదే కథ. పెంకు లేకుండా ఫోమ్ మాత్రమే ఉన్న మెత్తటి కేస్ గీతల నుంచి, దుమ్ము నుంచి కాపాడుతుంది. టేబుల్ మూల తగిలితే ఫోమ్ ఆ ఒక్కచోట అణిగిపోయి, మూల నేరుగా చెక్కని తాకుతుంది. వంపు విషయంలో అయితే ఫోమ్ ఏమాత్రం సాయపడదు. షేర్ ఆటోలో పక్కవాళ్లు కేస్ మీద కూర్చుంటే ఫోమూ షాఫ్టూ కలిసే వంగుతాయి. అక్కడ ఆపగలిగింది ప్లాస్టిక్ గొట్టమో, ప్లైవుడ్డో, అల్యూమినియమో, మందపాటి తోలు కింది గట్టి అట్టో.

పెంకు మాత్రమే ఉండి లోపల ఏమీ లేని కేస్ ఇంకో రకం తప్పు. బయటి నుంచి చూస్తే కోటలా ఉంటుంది. లోపల క్యూ గంటలో నాలుకలా కొట్టుకుంటుంది.

నూజివీడు మామిడికాయలు పెట్టెలో సర్దేవాళ్లు గడ్డి వేశాక పెట్టెని ఒకసారి అటూ ఇటూ కదిపి చూస్తారు. కాయ దొర్లితే ఇంకాస్త గడ్డి. దొర్లకపోతే మూత. కేస్ కొనేటప్పుడు మన మనసులో ఉండాల్సిన కొలబద్ద అదే.

మూడో మెట్టు: పడినప్పటి లెక్క

కాస్త లెక్కలు. ఇష్టం లేనివాళ్లు తర్వాతి మెట్టుకి వెళ్లిపోవచ్చు, కానీ క్యూని కేస్‌లో ఏ చివర కిందికి పెట్టాలన్న ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది.

భుజం నుంచి జారిన కేస్ మీటరు ఎత్తు నుంచి నిటారుగా పడిందనుకోండి. నేలని తాకేటప్పటికి వేగం సెకనుకి 4.4 మీటర్లు, అంటే గంటకి 16 కిలోమీటర్లు. ఇప్పుడు క్యూ ఆగాలి. ఎంత దూరంలో ఆగుతుందన్నదే మొత్తం కథ. అడుగున ఉన్న సరుకు 3 మిల్లీమీటర్లే అణిగితే, క్యూ మీద దాని బరువుకి సగటున 300 రెట్లకి పైగా బలం పడుతుంది. సెంటీమీటరు అణిగితే 100 రెట్లు. రెండు సెంటీమీటర్లయితే 50.

ఇక్కడ ఒక మెలిక ఉంది. రెండు సెంటీమీటర్ల ఫోమ్ రెండు సెంటీమీటర్లూ అణగదు. సుమారు మూడింట రెండొంతులు అణిగాక లోపలి గాలి గదులన్నీ మూసుకుపోయి రాయిలా అవుతుంది. మరీ మెత్తటి ఫోమ్ అయితే క్యూ బరువుకే సగం అణిగి ఉంటుంది, పడినప్పుడు అణగడానికి ఇంకేమీ మిగలదు. మరీ గట్టిదైతే అసలు అణగదు. నొక్కితే హాయిగా లోపలికి పోయే ఆ దిండు ఫోమ్ దెబ్బ తగిలే క్షణంలో చేతులెత్తేసేది ఇందుకే.

ఇప్పుడు చివరల సంగతి. మీటరు ఎత్తు నుంచి పడే 115 గ్రాముల షాఫ్ట్‌లో ఉండే శక్తి దాదాపు 1.1 జౌల్స్. 425 గ్రాముల బట్‌లో 4.2. బట్‌దే ఎక్కువ, నిజమే. కానీ టిప్ వెడల్పు 13 మిల్లీమీటర్లు, దాని వైశాల్యం 1.3 చదరపు సెంటీమీటర్లు మాత్రమే. బట్ అడుగు వైశాల్యం 8.5. పంచి చూస్తే టిప్ కింద ఉన్న ఫోమ్ మీద చదరపు సెంటీమీటరుకి 0.85 జౌల్ పడుతుంది, బట్ కింద 0.49. మొత్తం క్యూ బరువులో నాలుగో వంతు కూడా లేని షాఫ్ట్, టిప్ కిందికి పెడితే, ఫోమ్‌ని బట్ కంటే గట్టిగా గుచ్చుతుంది. అదే షాఫ్ట్‌ని తిప్పి జాయింట్ చివర కిందికి పెడితే ఆ అంకె 0.33కి దిగుతుంది. బట్ విషయంలో రబ్బర్ బంపర్ ఉన్న లావు చివర కిందికి ఉండటమే మంచిది. పిన్ను కిందికి పెడితే బలమంతా ఆ సన్నటి స్టీలు మీదే పడుతుంది.

అందుకే నా మాట: షాఫ్ట్ జాయింట్ కిందికి, టిప్ పైకి. బట్ బంపర్ కిందికి, పిన్ను పైకి. రెండు జాయింట్లకీ ప్రొటెక్టర్లు, అంటే వాటిని కప్పే చిన్న మూతలు, బిగించాకే. దీనివల్ల ఇంకో లాభం కూడా ఉంది, చాక్ పొడి గొట్టం అడుగున అంతగా పేరుకోదు.

నాలుగో మెట్టు: లోపల ఏ ఫోమ్ ఉందో గుర్తుపట్టండి

అమ్మేవాళ్లు అన్నిటినీ ఫోమ్ అనే అంటారు. చేతితో తేడా తెలుస్తుంది.

సోఫాల్లో, పరుపుల్లో వాడే స్పాంజి పాలియురెథేన్. నొక్కితే సులువుగా అణిగిపోతుంది, నీళ్లు చల్లితే తాగేస్తుంది. చవక కేసుల్లో ఎక్కువగా ఉండేది ఇదే. దీంతో నా అసలు గొడవ మెత్తదనం గురించి కాదు. కొన్నేళ్లు తేమలో ఉంటే ఇది రసాయనికంగా విరిగిపోతుంది. జిగురుగా మారి అంటుకుంటుంది, లేదా పసుపు రంగు పొడిలా రాలుతుంది. పాత సూట్‌కేస్ లోపల, పాత హెడ్‌ఫోన్ చెవి గుబ్బల్లో మీరు చూసే ఉంటారు. ఆ జిగురు క్యూ పాలిష్‌కి పట్టుకుంటే వదిలించడం నరకం.

కొన్ని కొత్త టీవీ, ఫ్రిజ్ పెట్టెల్లో థర్మకోల్‌కి బదులు మూలలకి పెట్టే, వంచితే విరగని తెల్లటి తేలిక ఫోమ్ ఈపీఈ, అంటే పాలిథిలిన్. దీని గాలి గదులు మూసి ఉంటాయి కాబట్టి నీళ్లు లోపలికి పోవు. నొక్కితే స్ప్రింగులా వెంటనే లేస్తుంది. కేస్ అడుగుకీ మూతకీ ఇంతకంటే మంచి చవక సరుకు నాకు కనిపించలేదు.

స్లిప్పర్ల అడుగుల్లో, పిల్లలు ఆడుకునే రంగురంగుల నేల పలకల్లో ఉండేది ఈవీఏ. ఈపీఈ కంటే గట్టిది, బరువైనది, ఎక్కువ కాలం మన్నుతుంది. క్యూ ఆకారానికి గాడులు చెక్కిన పెట్టె కేసులకి ఇది బాగుంటుంది. అంచులు పదునుగా నిలుస్తాయి, గాడి సడలిపోదు.

థర్మకోల్ ఒక్క దెబ్బకే. హెల్మెట్‌లో లాగా నలిగిన చోట నలిగినట్టే ఉండిపోతుంది, మళ్లీ లేవదు. కేస్ లోపల థర్మకోల్ కనిపిస్తే ఒకసారి పడ్డాక మార్చాల్సిందేనని గుర్తుంచుకోండి.

గుడ్డ విషయానికొస్తే మఖమల్ చూడటానికి అందంగా ఉంటుంది, నూగుండే ఫ్లీస్ గుడ్డ పని బాగా చేస్తుంది. రెండూ దుమ్ము పట్టుకుంటాయి. మన చాక్ అసలు సుద్ద కాదన్నది ఇక్కడ గుర్తుచేసుకోవాలి. విలియం స్పింక్స్, విలియం హోస్కిన్స్ అనే ఇద్దరు అమెరికన్లు 1897లో పేటెంట్ తీసుకున్నప్పటి నుంచి క్యూ చాక్ అంటే ఇసుకరాయి జాతి సిలికా, కురువిందం కలిసిన ముద్ద. కురువిందం అంటే ఉప్పు కాగితానికి వాడే గరుకు పొడే. టిప్ తుడవకుండా కేస్‌లో పెడుతూ పోతే ఆ పొడంతా నూగులోకి చేరుతుంది, బైక్ మీద ప్రతి అదురుకీ షాఫ్ట్‌ని సన్నగా రుద్దుతుంది. పాలిష్ మెరుపు పోయింది, కేస్ బాగాలేదు అని ఫిర్యాదు చేసేవాళ్లలో చాలామంది కేస్‌ని ఒక్కసారి కూడా దులిపి ఉండరు.

అయిదో మెట్టు: కొట్లో చేయాల్సిన పరీక్షలు

మీ క్యూని వెంట తీసుకెళ్లండి. ఇది లేకుండా మిగతావన్నీ వృథా.

క్యూ లోపల పెట్టి, మూత వేసి, కేస్‌ని చెవి దగ్గర పెట్టుకుని నిలువుగా ఊపండి. తర్వాత అడ్డంగా. నిలువుగా ఊపినప్పుడు ఠక్కుమంటే చివర్లలో ఖాళీ ఉంది. అడ్డంగా ఊపినప్పుడు టకటకమంటే గొట్టం వదులు. చివర ఖాళీని ఇంట్లో సరిచేసుకోవచ్చు. వదులు గొట్టాన్ని సరిచేయడం కష్టం. రెండు చప్పుళ్లూ వినిపిస్తే వేరే కేస్ చూడండి.

తర్వాత క్యూ తీసేసి, ఖాళీ గొట్టంలోకి పొడవాటి స్కేలో కర్రో దింపి అడుగు తట్టండి. మెత్తగా తగిలిందా, గట్టిగా తగిలిందా? చాలా కేసుల్లో చుట్టూ ఫోమ్ ఉంటుంది, అడుగున ఉత్త ప్లాస్టిక్ ఉంటుంది. నిటారుగా మోసే వస్తువు నిటారుగానే ఎక్కువ పడుతుంది కాబట్టి ఇది చిన్న లోపం కాదు. మూత లోపలివైపు కూడా ఇలాగే వేలు పెట్టి చూడండి.

కేస్ నడుమ రెండు చేతులతో పట్టుకుని కొంచెం వంచడానికి ప్రయత్నించండి. చేతికి వంగితే పెంకు లేనట్టే లెక్క.

తెల్ల రుమాలుతో లోపలి గుడ్డని గట్టిగా రుద్దండి. రంగు అంటితే అది రేపు మీ షాఫ్ట్‌కి కూడా అంటుతుంది, ముఖ్యంగా చెమట చేతులతో ఆడి పెట్టేసినప్పుడు. జిప్ ఉన్న కేస్ అయితే జిప్ పళ్లకీ క్యూకీ మధ్య గుడ్డ మడత ఉందో లేదో చూడండి. చివరగా బయటి జేబు. అందులో టిప్ సరిచేసే ఇనుప సామానూ చాక్ డబ్బా పెడతాం కదా. ఆ జేబు వెనక గట్టి గోడ లేకపోతే ఆ సామానే లోపలి షాఫ్ట్‌ని నొక్కుతుంది.

కొట్టువాడు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

ఆరో మెట్టు: ఉన్న కేస్‌ని ఇంట్లో సరిచేయడం

కొత్తది కొనే ముందు ఇది చేసి చూడమంటాను. ఒక ఆదివారం మధ్యాహ్నం పని.

అడుగుతో మొదలుపెట్టండి. గొట్టం లోపలి వెడల్పుకి సరిపోయేలా ఈపీఈ షీట్‌ని గుండ్రంగా బిళ్లలు కోయండి. పాత స్టీలు గ్లాసో, పైపు ముక్కో అచ్చుగా పనికొస్తుంది. ఒక బిళ్ల ఈవీఏ అడుగున, దాని మీద ఈపీఈ బిళ్లలు, మొత్తం రెండు సెంటీమీటర్ల దాకా. కిందిది గట్టిగా ఉండి పైది మెత్తగా ఉంటే చిన్న కుదుపుని పైపొర, పెద్ద దెబ్బని కింది పొర చూసుకుంటాయి. అయితే అంత ఎత్తు పెంచే ముందు కేస్ లోపలి పొడవు కొలుచుకోండి. ప్రొటెక్టర్‌తో కలిపి ముక్క పొడవు 30 అంగుళాలు దాటితే మూత పడకపోవచ్చు. మూత బలవంతంగా నొక్కి మూయాల్సి వస్తే ఆ ఒత్తిడంతా పగలూ రాత్రీ టిప్ మీదే ఉంటుంది. మూతవైపు ఫోమ్ టిప్‌ని ఆనుకుని ఉంటే చాలు, నొక్కకూడదు.

తర్వాత వదులు. గొట్టం పైభాగంలో, అంటే టిప్ వచ్చే చోట, నాలుగైదు అంగుళాల మేర మాత్రమే ఫ్లీస్ గుడ్డని గొట్టంలా కుట్టి లోపలికి దూర్చండి. గొట్టం మొత్తం బిగించే పని పెట్టుకోవద్దు. షాఫ్ట్ తీసేటప్పుడు మెలితిప్పి లాగాల్సి వస్తే అంతా పాడు చేసినట్టే. సరైన బిగువుకి నా గుర్తు ఇది: కేస్‌ని తలకిందులు చేస్తే షాఫ్ట్ మెల్లగా జారాలి. ధడేల్మని పడకూడదు, ఇరుక్కుపోకూడదు.

జిగురు గురించి ఒక హెచ్చరిక. చెప్పులు కుట్టేవాళ్లు వాడే రబ్బర్ సొల్యూషన్ బాగా పట్టుకుంటుంది కానీ దాని ఆవిరి పాలిష్‌కి మంచిది కాదు. ఫెవికాల్ లాంటి నీటి జిగురయితే నీళ్లు ఆరాలి. ఏది వాడినా కేస్ తెరిచి పెట్టి, వాసన పూర్తిగా పోయి, లోపల వేలు పెడితే పొడిగా ఉండేదాకా రెండు మూడు రోజులు ఆగండి. గుడ్డని అసలు అంటించకుండా పైఅంచు దగ్గర మడిచి కుట్టేస్తే ఈ గొడవే ఉండదు, ఉతకడానికి బయటికి తీయొచ్చు కూడా.

మధ్య అడ్డు లేని మెత్తటి కేస్ ఉన్నవాళ్లకి పీవీసీ పైపు మంచి దారి. ప్లంబింగ్ కొట్లో 40 మిల్లీమీటర్ల పైపు లోపలి వెడల్పు దాదాపు 36 ఉంటుంది, 33 మిల్లీమీటర్ల బట్ పల్చటి గుడ్డతో సహా పడుతుంది. షాఫ్ట్‌కి 32 మిల్లీమీటర్ల పైపు తీసుకుని లోపల ఫ్లీస్ వేయండి. 25 పైపులో షాఫ్ట్ దూరుతుంది, గుడ్డకి చోటుండదు. కోసిన అంచుల్ని ఉప్పు కాగితంతో నునుపు చేయడం మరవొద్దు. పైపుల గోడల మందం రకాన్ని బట్టి మారుతుంది, అందుకే బట్ పట్టుకెళ్లి దూర్చి చూసుకుని కోయించండి. నా పాత దిండు కేస్ ఇప్పటికీ ఇలాగే బతికి ఉంది, రెండు పైపులతో.

ఏడో మెట్టు: ఎండా, ముసురూ

ప్యాడింగ్ ఇక్కడ మిత్రుడూ కావచ్చు, శత్రువూ కావచ్చు.

చెక్క ఎప్పుడూ గాలితో తేమ ఇచ్చిపుచ్చుకుంటూనే ఉంటుంది. గాలిలో తేమ 30 శాతం ఉంటే చెక్క తన బరువులో సుమారు 6 శాతం నీటి దగ్గర కుదురుకుంటుంది. 50 శాతానికి 9, 80 శాతానికి 16. మే నెల హైదరాబాద్ మధ్యాహ్నానికీ విశాఖ జులై ముసురుకీ మధ్య తేడా ఇదే. తేమ పెరిగితే చెక్క అడ్డంగా ఉబ్బుతుంది, అది కూడా అన్ని వైపులా ఒకేలా కాదు. షాఫ్ట్‌లకి వాడే గట్టి మేపుల్ చెక్కలో, పెరుగుదల వలయాల వెంబడి మారేది వలయాలకి అడ్డంగా మారేదానికి దాదాపు రెండింతలు. ఒక పక్క తేమ తగిలి ఇంకో పక్క పొడిగా ఉంటే షాఫ్ట్ వంకర తిరుగుతుంది.

మంచి ప్యాడింగ్ ఈ మార్పుని ఆపదు, నెమ్మదిగా జరిగేలా చేస్తుంది. ఎండలో ఆపిన కారులో వేడి 60 డిగ్రీలు దాటొచ్చు. ఫోమ్ కేస్ అరగంట కాపాడుతుంది, మధ్యాహ్నమంతా కాపాడదు. డిక్కీలో పెట్టినా అంతే. సినిమాకి వెళ్తూ క్యూని కారులో వదిలేయడమంటే ప్యాడింగ్ మీద మోయలేనంత భారం పెట్టడం.

శత్రువయ్యేది తడిసినప్పుడు. వానలో తడిసిన పాలియురెథేన్ స్పాంజి రోజుల తరబడి ఆరదు, గుడ్డ మీద పొడిగా కనిపించినా లోపల తడి ఉంటుంది. క్యూ ఒక పక్క దాన్ని ఆనుకుని ఉంటుంది. వంకర తెప్పించడానికి అంతకంటే మంచి ఏర్పాటు ఉండదు. వానలో తడిసి ఇంటికొస్తే చేయాల్సిన మొదటి పని క్యూని బయటికి తీసి పొడిగుడ్డతో తుడవడం. రెండోది కేస్‌ని తెరిచి తలకిందులుగా ఫ్యాన్ కింద పెట్టడం. నేరుగా ఎండలో వద్దు, తోలు ఉంటే పగులుతుంది.

ఏసీ పూల్ పార్లర్ నుంచి ఉక్కపోతలోకి వచ్చినప్పుడు ఇంకో చిన్న జాగ్రత్త. చల్లబడిన క్యూ మీద బయటి తేమ మంచులా పడుతుంది, చల్లటి సీసాకి చెమట పట్టినట్టు. ఇంటికొచ్చాక కేస్‌ని అరగంట మూసే ఉంచి తర్వాత తెరిస్తే, ప్యాడింగ్ లోపలున్న క్యూ మెల్లగా వేడెక్కి ఆ చెమట పట్టదు.

సిలికా జెల్ పొట్లాలు ఒకటో రెండో వేసుకోవచ్చు. గుప్పెళ్లతో వేయొద్దు, చెక్క మరీ ఎండటం కూడా నష్టమే. పురుగులొస్తాయని నాఫ్తలిన్ గోళీలు అస్సలు వద్దు. దాని ఆవిరి కొన్ని ప్లాస్టిక్కుల్ని మెత్తబరుస్తుంది, క్యూలో ఏ ముక్క ఏ ప్లాస్టిక్కో మనకి తెలియదు.

కార్బన్ ఫైబర్ షాఫ్ట్ ఉన్నవాళ్లు ఈ మెట్టులో సగం మాత్రమే పట్టించుకుంటే చాలు. ఆ షాఫ్ట్ తేమకి వంగదు. బట్ చెక్కదే అయితే దానికి తేమ ఎప్పటిలాగే పడుతుంది. కార్బన్‌కి పదునైన దెబ్బ పడదు, చెక్కలా నొక్కు పడి ఊరుకోదు, పగులుతుంది. నొక్కు పడిన మేపుల్‌ని తడిగుడ్డతో, ఆవిరితో కొంత లేపొచ్చు. పగిలిన కార్బన్‌కి ఆ అవకాశం లేదు. కాబట్టి పెంకూ అడుగు ప్యాడింగూ వాళ్లకే ఎక్కువ అవసరం.

ఎనిమిదో మెట్టు: ప్రయాణం

మన దగ్గరా అమెరికాలోనూ విమానంలో క్యూని చేతి సామానుగా తీసుకెళ్లనివ్వరు, చెక్‌ఇన్ సామానులో వేయాల్సిందే. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో లీగుల్లో ఆడే మనవాళ్లు సెలవులకి ఊరొస్తూ క్యూ వెంట తెచ్చుకుంటే రెండు దారులున్నాయి.

గట్టి పెట్టె కేస్ అయితే విడిగా ఇవ్వొచ్చు. చాలా విమానయాన సంస్థలు పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 62 అంగుళాల వరకు మామూలు సామానుగానే చూస్తాయి. 34 అంగుళాల పూల్ కేస్ సులువుగా అందులో ఇమిడిపోతుంది. తనిఖీవాళ్లు తెరిచి చూస్తే మళ్లీ సరిగ్గా మూయగలిగేలా సర్దండి. ఎవరూ మళ్లీ కట్టలేనంత చుట్టలు చుట్టిన క్యూ సగం ప్యాడింగ్ లేకుండానే చేరుతుంది.

గొట్టం కేస్ అయితే నేను దాన్ని పెద్ద సూట్‌కేస్‌లో పెట్టడమే ఇష్టపడతాను. పడుతుందో లేదో ముందు ఐమూలగా కొలవండి. పడకపోతే బట్‌ని, షాఫ్ట్‌ని విడివిడిగా పీవీసీ పైపుల్లో పెట్టి ఐమూలగా వేయొచ్చు. గోడలకి ఆనించకుండా మధ్యలో, కిందా పైనా కనీసం నాలుగు వేళ్ల మందం బట్టలు ఉండేలా చూసుకోండి. చీరలు, తువ్వాళ్లు ఈ పనికి ఏ ఫోమ్‌కీ తీసిపోవు. ఊరగాయ సీసా మాత్రం అదే సూట్‌కేస్‌లో వద్దు. నూనె ఇంకిన ఫ్లీస్‌ని ఎన్నిసార్లు ఉతికినా ఆవకాయ వాసన పోదు, నవ్వులాటకి అనడం లేదు.

బైక్ మీదయితే కేస్‌ని వీపుకి ఐమూలగా, బిగుతుగా కట్టుకోండి. వదులుగా వేలాడితే కింది చివర సీటుకీ ఫుట్‌రెస్ట్‌కీ తగులుతూ ఉంటుంది, అడుగు ప్యాడింగ్ రోజూ కొంచెం కొంచెంగా అణిగిపోతుంది. బస్సులో పై అరలో పెడితే జారకుండా పట్టీని కడ్డీకి చుట్టండి, లేదా మోకాళ్ల మధ్య నిలబెట్టుకోండి.

ప్యాడింగ్ ఎప్పుడు మార్చాలి

నెలకోసారి కేస్‌ని తలకిందులు చేసి తట్టండి, గొట్టాల్లోకి వాక్యూమ్ క్లీనర్ ముక్కు పెట్టి లాగండి. అది లేకపోతే పొడవాటి కర్రకి పొడిగుడ్డ చుట్టి తిప్పినా చాలు. రాలిన పొడిని కాగితం మీద చూడండి. నీలంగానో పచ్చగానో ఉంటే అది చాక్, దులిపేస్తే సరిపోతుంది. పసుపు రంగులో ముక్కలుగా ఉంటే స్పాంజి విరుగుతోంది. ఆ రోజే క్యూ బయటికి తీసేయండి.

ఆరు నెలలకోసారి అడుగు బిళ్లల్ని బయటికి తీసి, కొత్తగా కోసిన బిళ్ల పక్కన పెట్టండి. కొత్తది 20 మిల్లీమీటర్లుండి పాతది 14 దగ్గర నిలిచిపోయి ఉంటే అది అణిగి మళ్లీ లేవడం మానేసిందన్నమాట. పాతదాని మధ్యలో షాఫ్ట్ ఆకారంలో గుంట కనిపిస్తుంది కూడా. కొత్తవి వేసేయండి. అలాగే కేస్ ఎప్పుడైనా గట్టిగా కింద పడితే, క్యూకి ఏమీ కాలేదని ఊరుకోకుండా, అదే రోజు ఆ బిళ్లల్ని తీసి చూడండి.